ముంబయి తక్కెడ, ఓబులదేవరచెరువు కాయ

ఓబులదేవరచెరువు: కదిరి నుంచి గోరంట్ల మీదుగా హిందూపురం పోయే దారిలోని ఈ ఊళ్ళో వేరుశనగ వర్తకుడికి సరుకును అంచనా కట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. గుప్పెడు కాయ వలిచి, రెండు పప్పులు నోట వేసుకుని తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పేస్తాడు. దేశాలను తూచే తక్కెడ సంగతి మాత్రం వేరు. ఏ దేశంలో వ్యాపారం సులువో, ఎక్కడ కష్టమో లెక్కగట్టే పని ప్రపంచ బ్యాంకు 2003లో మొదలుపెట్టింది. ఆ జాబితాలో 2014లో 142వ స్థానంలో ఉన్న భారత్, 2019 అక్టోబరులో వెలువడిన చివరి జాబితా నాటికి 63కు ఎగబాకింది. ఐదేళ్ళలో 79 మెట్లు ఎక్కడం చిన్న విషయమేమీ కాదు. అయినా కాయను వలిచినట్టే ఈ అంకెనూ వలిచి చూడవలసి ఉంది.

దేశం మొత్తానికీ నమూనాగా తీసుకున్నవి ముంబయి, ఢిల్లీ నగరాలు రెండే. ఎగుమతి దిగుమతుల పద్దులో మన స్థానం 2017లో 146 కాగా 2019లో 68 అయింది. దిగుమతి కొలతకు ఎంచుకున్న సరుకు 15 టన్నుల మోటారు విడిభాగాలు. రేవులో కాగితాలకు, తనిఖీలకు పట్టిన గంటలు, అయిన ఖర్చు మార్కులకు ఎక్కాయి. దేశం లోపల లారీ నడిచే కాలం, బాడుగ వివరాలు కూడా సేకరించారు గాని వాటిని మార్కులలో కలపలేదు. రేవు పక్కన గిడ్డంగి ఉన్నవారికి దీనివల్ల వచ్చే తేడా ఏమీ లేదు. ఈ సీమ వర్తకుడికి అసలు ఖర్చు అక్కడే ఉంది. కాయ వలిపించి, పప్పు గ్రేడు చేయించి, గోతాలకెత్తి, లారీ మాట్లాడి చెన్నై వంటి రేవుకు చేర్చేదాకా అయ్యేదంతా ఆ తక్కెడలో పడలేదన్నమాట.

మండీదారులకు మరీ దగ్గరి పద్దు ఇంకొకటి ఉంది. ఒప్పందం తప్పినవారిపై కోర్టుకెక్కి సొమ్ము రాబట్టుకోవడానికి మన దేశంలో 1,445 రోజులు పడుతుందని అదే చివరి నివేదిక లెక్క తేల్చింది. అంటే నాలుగేళ్ళకు దగ్గర. ఆ పద్దులో మన స్థానం 163. మొత్తం మీద 63, బాకీ వసూలులో 163! దూరపు మిల్లుకు అరువు మీద సరుకు తోలి చెల్లింపు కోసం కాచుకునేవారు ఏ అంకె చూసుకోవాలో వేరే చెప్పనక్కరలేదు. దళారి పూచీ మీద, నోటిమాట మీద ఇప్పటికీ బేరాలు నడవడానికి ఇదొక కారణం. మాట తప్పినవాడికి వచ్చే సీజనులో సరుకు పుట్టదు. ఆ శిక్ష కోర్టు తీర్పు కంటే చాలా ముందు అమలవుతుంది.

రాష్ట్రాల మధ్య కూడా ఇటువంటి పోటీ పెట్టారు. 2016లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ 98.78 శాతం మార్కులతో సమానంగా మొదటి స్థానంలో నిలిచాయి. 2018లోనూ, 2020లోనూ ప్రకటించిన జాబితాలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఈలోగా పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో ఉత్పత్తి. అందులో ర్యాంకు వాటా ఎంత, రాయితీల వాటా ఎంత, బెంగుళూరు సామీప్యం వాటా ఎంత అన్నది ఎవరి వాదన వారిది. ఆ మార్కులు ప్రధానంగా భూమి, అనుమతులు, ఏకగవాక్షం వంటి వాటికి వేసినవి. హిందూపురం చింతపండుకో, పట్టుగూళ్ళకో, ఇక్కడి కాయకో గిరాకీ పెంచేవి కావు.

విదేశీ కొనుగోలుదారు చూసే అంకె వేరు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం నేరుగా తినే పప్పులో కిలోకు 4 మైక్రోగ్రాములు, మళ్ళీ ఏరి శుద్ధి చేయవలసిన పప్పులో 15 మైక్రోగ్రాములు దాటకూడదని యూరప్ నిబంధన. యూరప్ విపణిలో అర్జెంటీనా పప్పుతో మనది పోటీపడవలసింది ఈ గీత దగ్గరే. మన వేరుశనగకు పెద్ద ఖాతాదారైన ఇండోనేషియా 2025 సెప్టెంబరులో ఈ విషం కారణంగానే దిగుమతులను నిలిపివేసింది. భారత్‌ది 63వ స్థానమా, 142వ స్థానమా అని అప్పుడు ఎవరూ అడగలేదు. కాయ కళ్ళంలో సరిగా ఆరిందా లేదా, గోదాములో చెమ్మ తగిలిందా లేదా అన్నదే ప్రశ్న. ఎగుమతి పోటీలో గెలుపోటములు చాలావరకు ఆ కళ్ళంలోనే తేలిపోతున్నాయి.

పాత జాబితా ఇప్పుడు లేదు. 2018, 2020 సంపుటాల లెక్కలలో చైనా, సౌదీ అరేబియా తదితర దేశాల విషయమై అవకతవకలు బయటపడగా, 2021 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు దానిని మూసివేసింది. తూకంలో తేడా వస్తే తక్కెడ మార్చడం ఏ మండీలోనైనా మామూలే. ‘బి-రెడీ’ అనే కొత్త కొలత 2024 అక్టోబరులో 50 దేశాలతో మొదలైంది. ఆ మొదటి సంపుటిలో నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ ఉన్నాయి, భారత్ లేదు. ఈసారి చట్టం పుస్తకాలతో సరిపెట్టక వ్యాపార సంస్థలనే నేరుగా అడిగి సమాచారం రాబడుతున్నారు. ఇది మేలైన మార్పే. అయితే ఆ సర్వేలో అడిగేది రిజిస్టరై, కనీసం 5 మంది పనివారున్న సంస్థలనే. ఒక గుమాస్తా, ఇద్దరు హమాలీలతో నడిచే కాయల కొట్టు ఆ లెక్కలోకి రాదు.