పాలపళ్లే కదా అనుకున్నాం

వీడియో కాల్‌లో మా మేనకోడలు నవ్వినప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు దువ్వూరులో. మధ్యలో ఉన్నది ఆ ఫోనే. మొన్న సంక్రాంతికి ఊరెళ్లి, అక్కకి ఆ ఫొటోలన్నీ చూపిస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఆరు నెలల కిందటి ఫొటో. పాప పై ముందు పళ్ల మీద, చిగురును ఆనుకుని, సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. ఇప్పుడు ఆ గీత ఉన్నచోట గోధుమరంగు మచ్చలు. ఒక పన్ను అంచు విరిగింది కూడా. పాపకి రెండున్నరేళ్లు.

"పాలపండ్లే కదబ్బీ, ఎట్లైనా ఊడిపోయేటివేలే" అంది అమ్మ.

నేనూ సరేనని ఊరుకునేవాణ్ణేమో. కానీ నా నోట్లో ఎడమవైపు ఒక ఖాళీ ఉంది. తొమ్మిదేళ్లప్పుడు అక్కడ దవడ పన్ను పుచ్చింది. పాలపన్నే అని ఎవరం పట్టించుకోలేదు. నొప్పి ఎక్కువై పీకించాం. కొత్తది రాలేదు. ఎలా వస్తుంది? అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వరస చివర కొత్తగా ఒక దవడ పన్ను మొలుస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఇప్పటికీ ఇంట్లో చెనక్కాయలు వేయిస్తే నేను కుడివైపే నములుతాను.

మర్నాడే పాపని ప్రొద్దుటూరు తీసుకెళ్లాం. పిల్లల పళ్ల డాక్టర్ నోట్లోకి టార్చ్ వేసి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుందా?"

అక్క అమ్మ వైపు చూసింది. అక్క స్కూల్లో టీచర్, తెల్లారే బయల్దేరాలి. అందుకని రాత్రి పాపని పడుకోబెట్టేది అమ్మే. చక్కెర వేసిన పాలు సీసాలో పోసి పక్కన పెడుతుంది. నిద్రలో కదిలితే మళ్లీ నోటికి అందిస్తుంది.

డాక్టర్ చెప్పింది విన్నాక నాకు బగ్ ఎక్కడుందో దొరికినట్టయింది. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను యాసిడ్‌గా మారుస్తుంది. పగలు లాలాజలం దాన్ని కడిగేస్తుంటుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. మరి కింది ముందు పళ్లకి ఏమీ కాలేదే అన్నాను. సీసా తాగేటప్పుడు నాలుక వాటి మీద కప్పుకుని ఉంటుందట. అందుకే పై పళ్లు పోయి, కిందివి మిగిలాయి. పైగా పాలపళ్ల మీద ఎనామెల్ పొర పలచన, పుచ్చు లోపలికి త్వరగా దిగుతుంది.

ఊడిపోయేవే కదా అని అమ్మ అక్కడా అంది. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి నిజమే, దవడ పాలపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కొత్త పన్నుకి చోటు ఉండదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తెల్లగీత. అది పుచ్చు మొదలయ్యే ముందు దశ. అప్పుడే సీసా మాన్పించి, ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోమితే, అది అక్కడే ఆగిపోయి మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. ఆ ఫొటో ఆరు నెలలు నా ఫోన్‌లోనే ఉంది. నేను దానికి హార్ట్ ఎమోజీ పెట్టి ఫ్యామిలీ గ్రూపులో వేశాను.

విరిగిన పన్నుకి నరం దాకా వైద్యం చేయాల్సి వచ్చింది. మిగతా వాటికి సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు పూశారు. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు. పుచ్చు ఆగుతుంది, కానీ ఆ భాగం నల్లగా మారుతుంది. "ఆడపిల్లకి నల్లపండ్లా!" అని అమ్మ దారంతా ఏడుపు. పాపకి నొప్పి లేకుంటే చాలని అక్క అంది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ కొంచెం చదవండి. పళ్లు రాకముందే తడిబట్టతో చిగుళ్లు తుడవాలి. సుమారు ఆరు నెలలకి మొదటి పన్ను వస్తుంది, ఆ రోజు నుంచే మెత్తటి బ్రష్. మూడేళ్ల దాకా బియ్యపు గింజంత పేస్ట్, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. పిల్లల పేస్ట్ అని రంగుబొమ్మ చూసి కొనేయకండి, వెనక లేబుల్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందేమో చూడండి. కొన్నిట్లో అసలు ఉండదు. రాత్రి తోమడం ముఖ్యం, ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి. మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి డాక్టర్‌కి చూపించాలి. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, ఖర్చుకి భయపడనక్కర్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి వచ్చే టీమ్ పళ్లు కూడా చూడాలి, అడగండి.

ఇంకొకటి, మన బోరునీళ్లు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పెరిగే పళ్ల మీద మచ్చలు పడతాయి. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి రాశారు, నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరునీళ్లు తాగేవాళ్లు ఒకసారి టెస్ట్ చేయించి, ఆ రిపోర్ట్ డాక్టర్‌కి చూపించి పేస్ట్ సంగతి అడగండి.

సీసా మాన్పించడం మాత్రం యుద్ధమే. ముందు చక్కెర ఆపాం. తర్వాత రోజూ కాస్త పాలు తగ్గించి నీళ్లు పెంచాం. మూడు రాత్రులు పాప ఏడుపుకి పక్కింటివాళ్లు కూడా లేచారు. నాలుగో రాత్రి అమ్మ మెత్తబడి సీసా తీయబోతే అక్క దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండు వారాలకి పాప పాలు పడుకునే ముందే స్టీల్ గ్లాసులో తాగి, తర్వాత పళ్లు తోమించుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు తోమేది అమ్మే. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తుంది, ఫోన్ గోడకి ఆనించి పాపని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుంటుంది. "మామకి చూపియ్, నోరు తెరు" అంటే పాప తెరుస్తుంది. నిన్న మాత్రం తను తెరవనంది. ముందు నన్ను తెరవమంది. తెరిచాను.

"మామా, ఆడ నీ పన్నేది?"

అమ్మ బ్రష్ పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు.