ఖాళీ సీటు కబురు

కడప నుంచి రాత్రి హైదరాబాద్ బయలుదేరే బస్సుకు దారిలో మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు తగులుతాయి. ఆళ్లగడ్డకు రైలు లేదు, బస్సే దిక్కు. బస్సు బయలుదేరే ఊళ్లోనైతే ట్రావెల్స్ ఆఫీసుకెళ్లి ఏ సీటు ఖాళీయో అడగొచ్చు. మధ్య ఊళ్లో ఎక్కేవాళ్లకు ఆ కబురు అందేదెలా?

ఆన్‌లైన్ రాకముందు దీనికి జవాబు కోటా. యజమాని ఒక్కో ఏజెంటుకు కొన్ని సీట్లు కేటాయించేవాడు. ఏజెంటు కాగితం చార్టులో గళ్ల మీద పేర్లు రాసుకుని, బస్సు కదిలేలోగా ఫోన్‌లో లెక్క అప్పజెప్పేవాడు. ఒక ఏజెంటు దగ్గర సీట్లు మిగిలిపోయినా, పక్క ఊరి ఏజెంటు ‘బస్సు ఫుల్’ అనేవాడు. అతని చార్టు ప్రకారం అది నిజమే మరి.

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బయలుదేరాలనుకున్న ఫణీంద్ర సామకు ఇదే ఎదురైంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు. ఏజెంటు వెంట ఏజెంటును అడిగినా టికెట్ దొరకలేదు. ఏదో ఒక బస్సులో సీటు ఉండే ఉంటుంది, కానీ అది ఎక్కడుందో చెప్పగలిగేవారే లేరన్న ఆలోచన అతన్ని వదల్లేదు. బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు తోడయ్యారు.

ముందు బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. తీసుకునేవాళ్లు కనబడలేదు. దాంతో దారి మార్చి, యజమానుల దగ్గర సీట్లు అడిగి తీసుకుని తామే ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టారు. 2006 ఆగస్టులో రెడ్‌బస్ అలా పుట్టింది.

కంప్యూటర్‌తో సీట్లు అమ్మడం అప్పటికి కొత్త కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి 1960ల్లోనే విమానాలకు ‘సేబర్’ అనే రిజర్వేషన్ వ్యవస్థను తెచ్చాయి. మన రైల్వే 1980ల్లో రిజర్వేషన్‌ను కంప్యూటర్‌కు ఎక్కించింది. అయితే రైళ్లన్నిటికీ యజమాని ఒక్కరే. ప్రైవేటు బస్సులకు ఎందరో యజమానులు, ఎవరి చార్టు వారిది. వాటన్నిటినీ ఒకే చార్టుగా కనిపించేలా చేయడమే రెడ్‌బస్ తలకెత్తుకున్న పని. దానికి ప్రోగ్రాం ఒక్కటే చాలదు, చార్టు చూపించేందుకు యజమానులు ఒప్పుకోవాలి. టికెట్లు అమ్ముడవుతున్న కొద్దీ ఆ నమ్మకం కుదిరింది. మొదట ఎవరికీ అక్కర్లేని తరహా సాఫ్ట్‌వేర్‌నే తర్వాత ‘బాస్’ పేరుతో యజమానులు వాడసాగారు.

ఇలాంటి వ్యవస్థకు అసలు పరీక్ష ఒకే సీటును ఇద్దరు కోరినప్పుడు. ఆళ్లగడ్డలో ఒకరు, నంద్యాలలో ఒకరు అదే క్షణాన పదో నంబరు నొక్కారనుకుందాం. ముందు అందిన అభ్యర్థనకు సర్వర్ ఆ సీటును కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతుంది. రెండోవారికి సీటు లేదని చూపిస్తుంది. గడువులోగా డబ్బు చేరితే టికెట్ ఖాయం, చేరకపోతే సీటు మళ్లీ ఖాళీ. డబ్బు పోయి సీటు రాకపోవడం, ఒక సీటుకు రెండు టికెట్లు పుట్టడం జరగకూడదు. లావాదేవీ మొత్తం పూర్తవ్వాలి, లేదంటే అసలు మొదలే కానట్టు లెక్క సర్దుకోవాలి. కాగితం చార్టులో ఈ గొడవ తేలేది ప్రయాణికులిద్దరూ బస్సెక్కాకే.

2013లో ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ను కొనేసింది. 2017లో ఐబిబో ట్రావెల్ సంస్థ మేక్‌మైట్రిప్‌లో కలిసింది. ఫణీంద్ర ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా పనిచేశారు.

మధ్య ఊళ్ల చిక్కు మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. కడపలో ఎక్కినవారు నంద్యాలలో దిగిపోతే, అక్కణ్నుంచి హైదరాబాద్ దాకా ఆ సీటు ఖాళీయే. దారిని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క అమ్ముడైందో ఏది మిగిలిందో గుర్తుంచుకోవడం ప్రోగ్రాంకు కష్టం కాదు. కాకపోతే ముక్కకు ఎంత తీసుకోవాలి, దూర ప్రయాణికుల కోసం సీటును ఆపుకోవాలా, ముందే దగ్గరివారికి ఇచ్చేయాలా అన్నది బస్సు యజమాని తేల్చుకోవాల్సిన లెక్క.