బ్యాటరీ మార్చే ముందు మీటర్ పెట్టండి: బైక్ వైరింగ్ ఫాల్ట్ పట్టుకోవడం ఎలా?

పొద్దున ఆఫీసుకో కాలేజీకో లేటవుతుంటుంది, సెల్ఫ్ నొక్కితే 'టిక్ టిక్' తప్ప ఏం రాదు. పక్కన ఎవరున్నా చెప్పేది ఒకటే మాట, "బ్యాటరీ పోయింది బ్రో, మార్చేయ్". ఈ ఎపిసోడ్ ఆ మాట గురించే.

నేనూ ఆ మాట విని ఆరు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాను. కొత్తది వేసిన పది రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. చివరికి సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్తుంటే, రాత్రి సూర్యాపేట దాటాక హైవే మీద హెడ్‌లైట్ మెల్లగా డిమ్ అయింది, కాసేపటికి ఇంజిన్ కూడా ఆగిపోయింది. వెనకేమో లారీలు, బండికేమో టెయిల్ లైట్ కూడా వెలగట్లేదు. పక్కకి నెట్టేలోపు ప్రాణం పోయినంత పనైంది. తీరా వెతికితే, అసలు దోషి ఒక తుప్పు పట్టిన బోల్టు! దాన్ని ఎలా పట్టుకున్నానో చెప్తాను, మీ బండికీ అదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఒక విషయం. పాత కార్బురేటర్ బళ్లు చాలావరకు బ్యాటరీ డౌన్ అయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేవి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్నారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ అయిపోయాయి. పెట్రోల్ పంప్, ఈసీయూ, ఇంజెక్టర్ అన్నిటికీ కరెంట్ కావాలి. అందుకే ఇప్పుడు వైరింగ్‌లో చిన్న తేడా వచ్చినా బండే ఆగిపోతుంది.

మొదట మూడు రీడింగులు

కావాల్సింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్. నాలుగైదు వందల్లో వస్తుంది. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించండి.

ఒకటి: బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక. ఫుల్ చార్జ్ ఉంటే 12.6 నుంచి 12.8 ఉంటుంది. 12 కంటే కిందకి వెళ్తే దాదాపు ఖాళీ. చార్జ్ చేయకుండా మిగతా టెస్టులు చేస్తే ఉపయోగం లేదు.

రెండు: సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఫుల్ చార్జ్ చేసిన బ్యాటరీ కూడా 9.5 కంటే కిందకి పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించండి.

మూడు: ఇంజిన్ 4,000, 5,000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటుతుంటే ఆర్ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫైయర్, సరిగ్గా కంట్రోల్ చేయట్లేదు. 13 కూడా రాకపోతే చార్జింగ్ లేదు.

నా బండికి మూడో రీడింగ్ 12.4. అంటే బ్యాటరీ తప్పేం లేదు, దానికి తిండే అందట్లేదు. ఎన్ని కొత్త బ్యాటరీలు వేస్తే మాత్రం ఏం లాభం?

సగానికి సగం కోసుకుంటూ వెళ్లండి

కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు వెయ్యి లైన్లూ చదవం కదా. మధ్యలో ఒక చోట వాల్యూ ప్రింట్ చేసి చూస్తాం. అక్కడిదాకా కరెక్ట్‌గా ఉంటే తప్పు కింది సగంలో ఉన్నట్టు. వైరింగ్‌లో కూడా అంతే, ప్రింట్ స్టేట్‌మెంట్ బదులు మీటర్.

చార్జింగ్ దారి ఇది: ఇంజిన్‌లోని కాయిల్ ఏసీ తయారు చేస్తుంది, ఆర్ఆర్ యూనిట్ దాన్ని డీసీగా మారుస్తుంది, అది బ్యాటరీకి వెళ్తుంది. మధ్యలో ఉన్నది ఆర్ఆర్ యూనిట్. కప్లర్ ఊడదీయకుండానే, ఇంజిన్ నడుస్తుండగా దాని అవుట్‌పుట్ కొలిచాను. 14.4! అంటే కాయిల్ ఓకే, యూనిట్ ఓకే. అక్కడ 14.4 బయల్దేరి బ్యాటరీ దగ్గరికి 12.4గా చేరుతోంది. దారిలో 2 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

ఆ దారిని మళ్లీ సగం చేశాను. యూనిట్ ప్లస్ వైరు నుంచి బ్యాటరీ ప్లస్‌కి మీటర్ పెడితే 0.1. ఫర్వాలేదు. యూనిట్ ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ మైనస్‌కి పెడితే 1.9. దొరికాడు దొంగ. ఆ ఎర్త్ వైరు ఫ్రేమ్‌కి బిగించిన బోల్టు విప్పితే కింద అంతా తుప్పు. ఎమ్రీ పేపర్‌తో గీకి, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాశాను. 14.3 వచ్చింది. ఖర్చు పది రూపాయలు కూడా కాలేదు.

దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. బీప్ టెస్ట్ కంటే ఇదే ఎందుకు? వైరులో ఇరవై పోగులుంటే పంతొమ్మిది తెగినా మీటర్ 'బీప్' అంటుంది, ఎందుకంటే దానికి చాలా కొద్ది కరెంట్ చాలు. అదే హెడ్‌లైట్‌కి కరెంట్ పంపేటప్పుడు ఆ ఒక్క పోగు ఏం ఆపుతుంది? అందుకే లోడ్ నడుస్తుండగానే కొలవాలి.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే

పెద్ద ఫ్యూజ్ వేయడం, సిగరెట్ పేకెట్ రేకు చుట్టడం మాత్రం చేయొద్దు. ఫ్యూజ్ బదులు వైరింగే కాలిపోతుంది. ఫ్యూజ్ తీసేసి దాని ప్లేస్‌లో పాత ఇండికేటర్ బల్బ్, 12 వోల్టులు 21 వాట్లది, రెండు వైర్లతో కలపండి. ఎల్ఈడీ పనికిరాదు. ఆ ఫ్యూజ్ మీద నడిచే లైట్లు, హారన్ లాంటివి ఆఫ్ చేయండి, ఆఫ్ కానివాటి కప్లర్ పీకేయండి. షార్ట్ ఉంటే బల్బ్ ఫుల్‌గా వెలుగుతుంది. ఇప్పుడు వైరింగ్‌ని కొంచెం కొంచెంగా కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బ్ ఆరిపోతుందో షార్ట్ అక్కడే.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే

తాళం ఆఫ్ చేసి, మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. గడియారం, ఈసీయూ కోసం కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. 100 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో ఖాళీ. ఒక్కో ఫ్యూజ్ తీస్తూ ఎక్కడ రీడింగ్ పడిపోతుందో చూడండి. ఏ ఫ్యూజ్ తీసినా పడకపోతే, డైరెక్ట్‌గా బ్యాటరీకి కలిపిన ఫోన్ చార్జర్‌నీ, ఫాగ్ లైట్లనీ పీకి చూడండి. ఈ టెస్ట్‌లో సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటర్ పోతుంది.

ఎక్కడ ముందు చూడాలి?

హ్యాండిల్ తిరిగే చోట వైర్లు రోజూ వంగి లోపలే తెగిపోతాయి. ప్రెషర్ వాష్ నీళ్లు దిగిన కప్లర్లలో పచ్చగా చిలుము పడుతుంది. తర్వాత సీటు కింద నలిగిన వైర్లు, సైడ్ స్టాండ్ స్విచ్. చివరగా, యాక్సెసరీస్ కోసం టేపు చుట్టి కలిపిన జాయింట్లు.

రెండు జాగ్రత్తలు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ పీకొద్దు. ఒక్కసారిగా వోల్టేజ్ పెరిగి ఈసీయూ పోవచ్చు.

కాయిల్ మార్చాల్సి వచ్చినా, ఈసీయూ తేడా చేసినా మెకానిక్ అన్న దగ్గరికే వెళ్లండి. కానీ "బ్యాటరీ మార్చు అన్నా" అని కాకుండా, "5,000 ఆర్‌పీఎంలో 12.4 వస్తోంది అన్నా" అని చెప్పండి. అప్పుడు ఆయన టైమూ మిగులుతుంది, మీ డబ్బూ మిగులుతుంది. ఈ ఆదివారం ఐదు నిమిషాలు కేటాయించి ఆ మూడు రీడింగులు రాసి పెట్టుకోండి. బండి బాగున్నప్పటి నంబర్లు తెలిస్తేనే, బాగోలేనప్పుడు తేడా కనిపిస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.