తాడు నిడివి, పడవ వేగము

మోటారు పడవ వెనుక తాడు పట్టుకొని, ఒక పలకపై నిలిచి నీటిమీద సాగిపోవు క్రీడకు వేక్‌బోర్డింగ్ అని పేరు. ‘వేక్’ అనగా పడవ వెనుక నేర్పడు అల. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, పెపిన్ సరస్సుపై రాల్ఫ్ సామ్యూల్సన్ అను యువకుడు రెండు పలకలపై నిలిచి పడవ వెనుక సాగి, వాటర్ స్కీయింగునకు నాంది పలికెను. 1985లో శాన్ డియాగోకు చెందిన టోనీ ఫిన్ ‘స్కర్ఫర్’ అను ఒంటి పలకను ప్రచారములోనికి తెచ్చెను. నేటి వేక్‌బోర్డు దాని సంతతియే.

నేర్వగోరువారికి మొదట కలుగు సందేహములు రెండు. తాడు ఎంత పొడవుండవలెను? పడవ ఎంత వేగముగా పోవలెను? ఈ రెంటిని వేర్వేరుగా గాక, కలిపి నిర్ణయింపవలెనని మేము చెప్పదలచినాము.

లాంచీ పోవునపుడు దాని వెనుక నీరు రెండు పాయలుగా విచ్చుకొనుట మనము చూచియే యుందుము. పడవకు దగ్గరలో ఆ అలల నడిమి దూరము తక్కువ. వెనుకకు పోయినకొలది ఎక్కువ. కావున పొట్టి తాడు పట్టినవాడు అలను సులభముగా దాటగలడు. మరియొక లాభము కూడ కలదు. ఈ పడవలలో తాడును నీటికి సుమారు 7 అడుగుల ఎత్తున కట్టుదురు. 35 అడుగుల తాడు 70 అడుగుల తాడుకంటె ఏటవాలుగా నుండి, నీటిలో కూర్చున్నవానిని పైకి లేపుటకు తోడ్పడును. అందుచే ఆరంభమున 30 మొదలు 50 అడుగుల వరకు చాలును. అంతకంటె మరీ తగ్గించినచో పడవ పొగగొట్టమునకు చేరువయగుదుము. ఆ విషవాయువు ప్రాణాంతకము.

ఇక వేగము. గంటకు 24 మొదలు 30 కిలోమీటర్లు తగినది. పిల్లలకు ఇంకను తగ్గింపవచ్చును. పడినపుడు దేహము మోసుకొనివచ్చు శక్తి వేగపు వర్గమును బట్టి పెరుగును. 24 కిలోమీటర్లను 36 చేసినచో వేగము ఒకటిన్నర రెట్లే. శక్తి మాత్రము రెండుంబావు రెట్లు. ఆ వేగమున నీరు గట్టినేలవలె తగులును. అట్లని మరీ నెమ్మదియు పనికిరాదు. పలక నీటిలో దిగబడి చేతులు అలసిపోవును.

తక్కువ వేగమున అల పడవ దగ్గరనే చక్కగా నుండి, వెనుక నురుగై చెదరును. వేగము పెరిగినకొలది అది వెనుకకు సాగి నునుపగును. నిపుణులు 70 అడుగులకు మించిన తాడును, 35 కిలోమీటర్లకు పైబడిన వేగమును కోరుటకు కారణమిదే. వారిని చూచి తొలినాడే పొడుగు తాడు పట్టుట తగదు.

లేచునపుడు మోకాళ్ళు ముడిచి, చేతులు చాచియుంచి, పడవయే లాగునట్లు ఓపిక పట్టవలెను. నడుపువాడు వేగమును మెల్లగా పెంచవలెను. తేలు చొక్కా ధరింపక నీట దిగరాదు; తాడును చేతికి చుట్టుకొనరాదు; పడవలో వెనుకకు చూచు మనిషి వేరుగా నుండవలెను. బొటనవ్రేలు పైకి చూపిన వేగము పెంచుమనియు, క్రిందికి చూపిన తగ్గించుమనియు సంకేతము. అలను ఇరుప్రక్కలకు తడబడక దాటగలిగిన పిమ్మట, తాడును ఐదారడుగులు వదలి, వేగమును రెండు మూడు కిలోమీటర్లు పెంచిన చాలును.