కంప్యూటరే స్విచ్ అయితే

హోసూరు నుంచి కృష్ణగిరికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న గురుబరపల్లిలో సిప్కాట్ పారిశ్రామికవాడ ఉంది. ఇలాంటి చోట ఏ ఆఫీసులోకి వెళ్లినా గోడకు ఓ చిన్న పెట్టె కనిపిస్తుంది. దాని నిండా కేబుళ్లు, మిణుకుమిణుకుమనే పచ్చలైట్లు. అదే నెట్‌వర్క్ స్విచ్. మూడు నాలుగు ఈథర్‌నెట్ పోర్టులున్న పాత కంప్యూటర్ కూడా ఆ పని చేయగలదు. ఇదేదో గతిలేక చేసే సర్దుబాటు కాదు. స్విచ్ పుట్టిందే కంప్యూటర్‌గా.

1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్‌కు రూపమిచ్చారు. దాని వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. యంత్రాలన్నిటికీ ఒకటే లావుపాటి కేబుల్. ఒకరు పంపింది అందరికీ వినిపించేది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోయేవి, మళ్లీ పంపుకోవాల్సి వచ్చేది. యంత్రాలు పెరిగేకొద్దీ ఈ తాకిడి కూడా పెరిగింది.

దీనికి విరుగుడుగా 1980ల నడుమ డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ (డెక్) బ్రిడ్జిని తెచ్చింది. దాన్ని రూపొందించింది మార్క్ కెంఫ్. అది ప్రాసెసర్, మెమరీ, రెండు పోర్టులు ఉన్న కంప్యూటరే. ఈథర్‌నెట్‌లో సమాచారం ఫ్రేములుగా వెళ్తుంది. ప్రతి ఫ్రేము మీదా పంపినవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా ఉంటాయి. వీటినే మ్యాక్ అడ్రసులు అంటారు. బ్రిడ్జి ముందుగా చూసేది పంపినవారి చిరునామాను. ఏ యంత్రం ఏ పోర్టు వైపు ఉందో అలా తెలుసుకుని పట్టికలో రాసుకుంటుంది. ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్, ఏ ఇంటివాళ్లు ఉత్తరం ఇచ్చారో చూసి ఇళ్లు గుర్తుపెట్టుకున్నట్టే. ఆ తర్వాత వాళ్ల పేరిట వచ్చిన ఫ్రేమును సరిగ్గా అటే పంపుతుంది. చిరునామా పట్టికలో లేకపోతే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపేస్తుంది. ఈనాటి స్విచ్ సూత్రమూ ఇంతే.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. రెండు బ్రిడ్జిల మధ్య రెండు దారులుంటే ఫ్రేము సుడిలో పడుతుంది. ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలన్న లెక్క ఈథర్‌నెట్ ఫ్రేములో లేదు. కొద్ది క్షణాల్లో నెట్‌వర్క్ అంతా స్తంభించిపోతుంది. 1985లో డెక్‌లోనే పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి పరిష్కారం కనిపెట్టారు. బ్రిడ్జిలు తమలో తాము మాట్లాడుకుని, అదనపు దారులను తాత్కాలికంగా మూసేసుకునే ఈ పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ.

1990లో కల్పన అనే కంపెనీ ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లేర్‌తో కలిసి స్థాపించిన ఈ కంపెనీని 1994లో సిస్కో కొనేసింది. అక్కడి నుంచి పట్టిక చూసే పని ప్రాసెసర్ చేతుల్లోంచి ప్రత్యేకమైన చిప్పులకు పోయింది. పెట్టె చిన్నదైంది, చవకైంది. లోపల జరిగేది మాత్రం మన కంటికి కనబడకుండా పోయింది.

దాన్ని మళ్లీ కళ్లారా చూడాలంటే పాత డెస్క్‌టాప్ చాలు. నాలుగు పోర్టుల కార్డు బిగించి, లినక్స్ వేసి, బ్రిడ్జ్ ఒకటి సృష్టించి పోర్టులన్నిటినీ అందులో చేర్చాలి. యంత్రాలు ఫ్రేములు పంపేకొద్దీ అది చిరునామాలు నేర్చుకుంటుంది. తర్వాత పట్టిక తెరిచి చూస్తే ఏ పోర్టు వెనక ఏ యంత్రం ఉందో వరుసగా కనిపిస్తుంది. ఒక కేబుల్ పీకి మరో పోర్టుకు పెట్టి, ఆ యంత్రం నుంచి ఏదైనా పంపితే చాలు, దాని చిరునామా పట్టికలో కొత్త పోర్టుకు మారిపోతుంది. 300 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేని యంత్రాన్ని పట్టిక మరిచిపోతుంది. లినక్స్‌లో స్పానింగ్ ట్రీ మొదట ఆపేసి ఉంటుంది కాబట్టి, రెండో దారి కలిపేముందు దాన్ని ఆన్ చేయాలి.

వేగం దగ్గరికొస్తే కంప్యూటర్‌కు కష్టమే. గిగాబిట్ పోర్టు మీద అతి చిన్న ఫ్రేములు సెకనుకు 14,88,095 దాకా రావచ్చు. అంటే ఒక్కోదానికి దొరికేది 672 నానోసెకన్లు. నాలుగు పోర్టులూ నిండితే ఆ గడువు 168కి పడిపోతుంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది సుమారు 500 క్లాక్ టిక్కులు. అంతలో ఫ్రేమును అందుకుని, పట్టికలో వెతికి, బయటికి పంపాలి. పెద్ద ఫ్రేములైతే పోర్టుకు సెకనుకు 81 వేలే కాబట్టి తేలిగ్గా నెట్టుకొస్తుంది. పాతకాలపు పీసీఐ కార్డులతో మాత్రం లాభం లేదు. ఆ కార్డులను ప్రాసెసర్‌తో కలిపే దారి (బస్) మొత్తం సామర్థ్యమే సెకనుకు సుమారు ఒక గిగాబిట్, అది కూడా కార్డులన్నీ పంచుకోవాలి. కరెంటు లెక్క కూడా ఉంది. చిన్న స్విచ్‌కు కొద్ది వాట్లు సరిపోతే, డెస్క్‌టాప్ పదుల వాట్లు తింటుంది. అందుకే రోజువారీ వాడకానికి కొన్న స్విచ్చే మేలు.

అయినా కంప్యూటర్ స్విచ్ కాలం చెల్లిన ముచ్చట కాదు. ఒకే సర్వర్‌లో పదుల కొద్దీ వర్చువల్ కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్లలో, వాటి మధ్య ఫ్రేములను అటూ ఇటూ పంపేది చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ స్విచ్చే. 2009లో వచ్చిన ఓపెన్ వీస్విచ్ అలాంటిదే. చిప్పుకు అప్పగించిన పనిలో కొంత తిరిగి ప్రాసెసర్ దగ్గరికి వచ్చింది.

హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు రేపు అక్కడి ఫ్యాక్టరీల్లోనే నెట్‌వర్క్‌లు చూసుకోవాల్సినవాళ్లు. స్విచ్ చెడిపోతే మార్చడం ఎవరైనా చేస్తారు. ఎందుకు చెడిపోయిందో చెప్పాలంటే పట్టిక ఎలా నిండుతుందో, సుడి ఎలా మొదలవుతుందో చేతులారా చేసి చూసి ఉండాలి. ల్యాబులో మూలన పడేసిన ఒక డెస్క్‌టాప్ వాళ్లకు ఆ విద్య నేర్పగలదు. దానికి కావలసింది ఒక కార్డు, నాలుగు కేబుళ్లు, అడ్డుచెప్పని ఒక మాస్టారు.