మంచి మందే, అయినా జాగ్రత్త!

ఎలీషా ప్రవక్త దినములలో గిల్గాలులో కరవు వచ్చింది. కూరాకులు ఏరబోయిన ఒకడు పొలములో వెఱ్ఱికాయలు కోసికొని వచ్చి, అవేమిటో తెలియకనే తరిగి కుండలో వేశాడు (2 రాజులు 4వ అధ్యాయము). అతనికి దుర్బుద్ధి లేదు. తెలియకపోవడమే ముప్పు తెచ్చింది.

కురవి చుట్టుపట్ల పల్లెలలోనైనా, పట్నంలోనైనా పసిబిడ్డకు జలుబు చేస్తే మనమేమి చేస్తాము? నూనెలో కర్పూరం కాచి రొమ్ముకు రాస్తాము. నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టిస్తాము. చెట్ల నుండి వచ్చినవి గనుక హాని చేయవని నమ్ముతాము. కాని ఇవి చర్మము గుండా, ఊపిరి ద్వారా రక్తములో కలిసి మెదడుకు చేరగలవు. మెదడులోని నరాలు మితిమీరి ఉద్రేకించకుండా దేవుడు ఒక కళ్లెము పెట్టాడు. కర్పూరం ఎక్కువైతే ఆ కళ్లెము సడలి ఫిట్స్ వస్తాయి. 1934లో హంగేరీ వైద్యుడు మెడూనా మనోరోగులకు చికిత్సగా కావాలనే ఫిట్స్ రప్పించడానికి మొదట వాడినది కర్పూరమే!

బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ థామస్ మాథ్యూ, తోటి వైద్యులు దక్షిణ భారతంలో నాలుగేళ్లపాటు ఈ సంగతి పరిశీలించారు. ఫిట్స్ వచ్చిన 350 మంది పెద్దవారిలో 55 మందికి ఇలాంటి తైలాలు, బామ్‌లతో సంబంధమున్నట్లు కనుగొన్నారు. వారిలో కొందరికి అంతకుముందు మూర్ఛవ్యాధి లేదు. మరికొందరు పాత రోగులు. కారణం తెలియకపోతే ఏమవుతుంది? ఏళ్ల తరబడి మాత్రలు, ఊరివారి మాటలు, ఆడపిల్లయితే ఆగిపోయే పెళ్లి!

కాబట్టి తల్లిదండ్రులారా, ఇవి గుర్తుంచుకొనండి:

రెండేళ్లలోపు బిడ్డకు కర్పూరం, నీలగిరి తైలం రాయవద్దు, వాసన చూపవద్దు. ఏ వయసు వారికీ లోపలికి ఇవ్వవద్దు. ఒక్క గ్రాము కర్పూరం మింగినా పసిబిడ్డ ప్రాణానికి ముప్పు. బిళ్లలను చిన్నపిల్లలు మిఠాయి అనుకొంటారు, అందకుండా దాచండి. మింగితే వాంతి చేయించక వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్లండి.

మూర్ఛవ్యాధి గలవారు వీటికి దూరముగా ఉండాలి. డాక్టరిచ్చిన మాత్రలు మానకూడదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టవద్దు, నోటిలో ఏమీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా 108కి ఫోను చేయండి. ఏ నూనె, ఏ బామ్ వాడారో డాక్టరుకు తప్పక చెప్పండి. వీలైతే సీసా కూడా తీసికొని వెళ్లండి.

ఫిట్స్ చూడగానే "గాలి సోకింది" అనేవారు మన సంఘములలోనూ ఉన్నారు. ప్రార్థన చేయుదము, తప్పక చేయుదము. ప్రార్థనకు వెళ్లిన పాస్టరుగారు, సంఘపెద్దలు ఒక్క ప్రశ్న కూడా అడగాలి: "అమ్మా, బిడ్డకు ఏమి రాశారు?" ఆ ప్రశ్న ఒక బిడ్డను కాపాడవచ్చు.