నీడ కుదిరితేనే సింహం నిలుస్తుంది

కంప్యూటర్‌లో చేసిన బొమ్మను ఫొటోలో పెట్టడం ఇప్పుడు ఎవరైనా నేర్చుకోవచ్చు. అది నిజంగా అక్కడే ఉందనిపించాలంటే మాత్రం ముందు ఆ చోటును, అక్కడి వెలుగును చదవాలి.

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో, ఇసుక మీద పదడుగుల ఎత్తు ఇనుప సింహం. ఒళ్లంతా గేరు చక్రాలు, బోల్టులు, గొలుసు ముక్కలు. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో చేసే విగ్రహాల్లాంటిదే. కాకపోతే పుట్టింది బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో. ఇలాంటి ఫొటో చేయాలనుకునే కుర్రవాళ్లకు ఖర్చు అడ్డు కాదు. బ్లెండర్ ఉచితం. ఓపికే పెట్టుబడి.

ఈ విద్యతో తెనాలికి పాత చుట్టరికమే ఉంది. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నడిపిన విజయా సంస్థ 1957లో ‘మాయాబజార్’ తీసింది. గోఖలే, కళాధర్ కళా దర్శకులు. చిన్న నమూనాగా కట్టిన ద్వారకను మార్కస్ బార్ట్లీ కెమెరా మహానగరంగా చూపించింది. అప్పటికీ ఇప్పటికీ పనిముట్లు మారాయి. కెమెరా ఎత్తు, వెలుగు వచ్చే దిక్కు, నీడ పడే చోటు చూసుకోక తప్పకపోవడం మాత్రం మారలేదు.

తెనాలి: కెమెరా ఎక్కడుంది?

వీధి ఫొటోలో ప్రహరీ అంచు, కాలువ గట్టు, దుకాణాల వరస దూరం పోయేకొద్దీ ఒకచోటికి చేరుతుంటాయి. ఆ గీతలను గుర్తిస్తే ఫొటో తీసిన కెమెరా కోణం బయటపడుతుంది. ఈ లెక్క చేసిపెట్టే ఎఫ్‌స్పై సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. బ్లెండర్‌లోని కెమెరాను సరిగ్గా అదే కోణంలో పెట్టాకే సింహాన్ని దించాలి. ఇక్కడ తేడా వస్తే తర్వాత ఎన్ని హంగులు చేసినా సింహం గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.

బాపట్ల: ఎండ ఏం చెబుతోంది?

తీరంలో కొలత తేలిక. కెమెరా నేలకు ఐదడుగుల ఎత్తులో ఉంటే, చదునైన ఇసుక మీద దగ్గరున్నా దూరంగా ఉన్నా ప్రతి వస్తువునూ సముద్రపు అంచు గీత ఐదడుగుల దగ్గరే దాటుతుంది. పదడుగుల సింహానికి ఆ గీత సరిగ్గా సగం ఎత్తుకు రావాలి.

అసలు పరీక్ష నీడ. సూర్యలంకలో పొద్దున సూర్యుడు సముద్రం వైపుంటాడు కాబట్టి నీడ ఊరి వైపు సాగాలి. పంజా ఇసుకను తాకే చోట అది చిక్కగా, అంచు పదునుగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అంచు చెదురుతుంది, మీటరుకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. నీడ పూర్తి నలుపు కాదు, ఆకాశపు నీలం అందులో కలుస్తుంది. ఎండ పడిన ఇసుక తన రంగును సింహం పొట్ట కిందికి విసురుతుంది. ఈ వెలుగులన్నీ ఊహించి దిద్దనక్కర్లేదని 1998లో గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ డెబెవెక్ చూపించారు. అద్దంలా మెరిసే గోళాన్ని ఆ చోటే పెట్టి, తక్కువ నుంచి ఎక్కువ వెలుగు దాకా వరసగా ఫొటోలు తీస్తే అక్కడి వెలుగంతా లెక్కకు వస్తుంది. దానితోనే బొమ్మను వెలిగించవచ్చు. మన వెలుగును ఇలా మనమే పట్టుకోవాలి. ఇంకెక్కడిదో ఆకాశం తెచ్చిపెడితే బాపట్ల ఎండ రాదు.

రేపల్లె: నీళ్లు, దూరం

పెనుమూడి దగ్గర కృష్ణా నది ఒడ్డున సింహాన్ని నిలబెడితే నీళ్లలో ప్రతిబింబం కావాలి. బొమ్మను తలకిందులు చేసి అతికిస్తే చాలదు. మనకు పైనుంచి కనిపించని గడ్డం కింది భాగం నీటిలో కనిపిస్తుంది. అలలు దాన్ని నిలువునా సాగదీస్తాయి. అవతలి ఒడ్డున పెడితే మరో చిక్కు: దూరపు మంచులో ఏ నలుపూ నలుపుగా ఉండదు. పక్కనున్న చెట్ల నీడ కంటే సింహం నల్లగా ఉంటే గుట్టు రట్టయినట్టే. ఫొటోను కాసేపు బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే ఆ తేడా ఇట్టే దొరుకుతుంది. చివరగా ఫొటోలో ఉన్న నలుసులే బొమ్మకూ చేర్చాలి.

ఇంత నేర్పు వచ్చాక బాధ్యత కూడా రావాలి. కృష్ణకు వరద వస్తే లంక గ్రామాల వాళ్లు సెల్‌ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసే సామాను సర్దుకోవాలా వద్దా అని ఆలోచిస్తారు. అక్కడ ఒక దొంగ ఫొటో ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ‘ఇది గ్రాఫిక్స్’ అని ఫొటో మీదే రాయడం ఈ చదువులో మొదటి పాఠం కావాలి. సింహం ఎంత బాగా కుదిరితే ఆ మాట అంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.